కుర్చీ దగ్గర నిశ్శబ్దం

ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: లోపలి గదిలో పిల్ల ఏడుస్తుంటే తనకు వినపడదేమోనని. చీకటంటే భయం లేదు, దొంగలంటే భయం లేదు, అత్త నోరంటే ఉన్న భయం కూడా పిల్ల పుట్టాక సగానికి తగ్గింది. ఇదొక్కటే తగ్గలేదు. కాలు కుట్టు మిషను మీదున్నా చెవి మాత్రం ఎప్పుడూ లోపలి గది గుమ్మం మీదే ఉండేది.

వీధిలో అందరూ ఆమెను సంచులమ్మాయి అంటారు. గుడ్డ సంచులు కుడుతుంది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించి మిషను ముందు కూర్చోబెట్టారు, ఆ కూర్చోవడం కూర్చోవడమే. ఇప్పుడు ఎనిమిది నెలల కూతురు. చేతికి చిక్కకుండా ఇల్లంతా పాకుతుందని దాన్ని ఉడత అని పిలుస్తారు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఒక మధ్యాహ్నం ఉడత చాప మీంచి దొర్లి, గుడ్డ తానుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయింది. ఎంతసేపు ఏడ్చిందో ఎవరికీ తెలియదు. తల్లికి దాహమేసి మంచినీళ్లకు లేచి వెళ్తే కనపడింది. అప్పటికే గొంతు పోయింది. నోరు తెరుస్తోంది, మూస్తోంది, శబ్దం లేదు. మొహం కందిపోయింది. పది అడుగుల దూరంలో కూర్చుని కూనిరాగం తీసుకుంటూ మరీ కుట్టుకుంటున్న తల్లికి ఒక్క కేక కూడా చెవిన పడలేదు.

ఎలా పడుతుంది? లోపలి గది వెనక గోడకు అవతల ఐసు ఫ్యాక్టరీ. ఆ గోడను ఆనుకునే కంప్రెసర్. పగలూ రాత్రీ ఘూ... అని ఒకటే మోత. ఆ మోత చెవిలోంచి కాదు, అరికాళ్లలోంచి ఎక్కుతుంది. వరసగా ఐదిళ్లు, ఐదిళ్లకీ అదే గోడ. అందరూ మాట్లాడుకోవడం మానేసి అరుచుకోవడం అలవాటు చేసుకున్నారు. బయటి ఊరి నుంచి చుట్టాలొస్తే, "ఏంటే, అందరూ పోట్లాడుకుంటున్నారా?" అని అడిగేవాళ్లు.

ఆ సాయంత్రమే పిల్లను చంకనేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. ఓనరు బల్ల వెనకాల కూర్చుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఫ్యాక్టరీ అన్నాక చప్పుడు చెయ్యకుండా ఎలా ఉంటుందమ్మా? జోల పాడుతుందా?"

పక్కనున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది గానీ అప్పుడు నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక వంద మాటలొచ్చాయి. మర్నాడు వాటన్నిటినీ మోసుకుని మళ్లీ వెళ్లింది. ఆ మర్నాడు మళ్లీ. ఐదిళ్లవాళ్ల చేతా కాగితం మీద సంతకాలు పెట్టించింది. పెట్టనన్నవాళ్ల గుమ్మం దగ్గర పెట్టేదాకా కూర్చుంది. చివరికి ఆ ఓనరు దిగొచ్చి, "సరేనమ్మా తల్లీ, మీ ఐదిళ్లకీ చప్పుడు తినేసే పెట్టెలు పెట్టిస్తా. ఇంక నన్నొదిలెయ్" అన్నాడు.

పెట్టెలు పెట్టడానికొచ్చిన మనిషి నలభై దాటినవాడు. చేతిలో ఎప్పుడూ చప్పుడు కొలిచే మీటరు ఒకటి ఉండేది, దాన్ని ముక్కు ముందు పెట్టుకుని నడిచేవాడు. అందుకని వీధిలో ఆయనకు మీటరాయన అని పేరు పడిపోయింది. లోపలి గదిలో, కంప్రెసర్ గోడకే, పిల్ల ఉయ్యాలకు రెండు మూరల దూరంలో ఒక నల్ల పెట్టె బిగించాడు. దానికి గుండ్రటి స్పీకరు. దాంట్లోంచి ఒక సన్నటి వైరు లాగి, దాని కొసన చింతగింజంత మైకు పట్టుకుని ఇల్లంతా చూశాడు.

"మీరు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారమ్మా?"

"ఎక్కడేంటన్నా, ఇదిగో ఈ మిషను కుర్చీలోనే. లేస్తే కదా."

మైకును కుర్చీ వెనక మేకుకు తగిలించాడు. లోపలికెళ్లి పెట్టె మీద ఏవో నొక్కాడు. ఘూ... అంటున్న మోత తగ్గుతూ, తగ్గుతూ, ఎవరో దుప్పటి కప్పేసినట్టు ఆగిపోయింది. ఆమె నోరు వెళ్లబెట్టింది. గోడ గడియారం టిక్కుమనడం వినపడింది. ఈ ఇంటికి కాపురానికొచ్చిన మూడేళ్లలో ఆ గడియారానికి గొంతుందని ఆమెకు తెలియదు.

మీటరాయన మీటరును కుర్చీ దగ్గర పెట్టి, అంకె చూసుకుని, కాగితం మీద రాసుకుని, ఆమె చేత సంతకం చేయించుకున్నాడు. ఆమె సంతోషంగానే చేసింది. తర్వాత ఆ సంతకం గుర్తొచ్చినప్పుడల్లా వేళ్లు కొరుక్కునేది.

రెండు రోజులు పండగే. కుట్టుకుంటూ కూర్చుంటే లోపల ఉడత నిద్రలో చప్పరించడం కూడా వినపడుతోంది. మొగుడు లారీ దిగి ఇంటికొస్తే, "అరవకు, మెల్లగా మాట్లాడు" అని నవ్వింది. "నేను మెల్లగా ఎలా మాట్లాడతారో మర్చిపోయానే" అన్నాడు ఆయన.

మూడో రోజు నుంచి ఉడత ఉయ్యాలలో పడుకోవడం మానేసింది.

వెయ్యగానే లేస్తుంది. లేచి కీచుమంటుంది. గబగబా వెళ్లి ఎత్తుకుని, ముందు గదిలోకి తెచ్చి, కుర్చీలో కూర్చుంటే చాలు, స్విచ్చి కట్టేసినట్టు ఊరుకుంటుంది. మెడ మీద తల పెట్టి నిద్రపోతుంది. మళ్లీ ఉయ్యాలలో వేస్తే మళ్లీ కీచు. పాలు సరిపోవడం లేదేమో అనుకుంది. కడుపునొప్పేమో అనుకుంది. పళ్లొస్తున్నాయేమో అని వేలు పెట్టి చూస్తే ఆ వేలు కొరికింది గానీ పన్నేం కనపడలేదు.

మూడు రోజులు ఇదంతా చూసి అత్త క్షణంలో తేల్చేసింది.

"దీనికి ఎత్తు అలవాటు పట్టింది. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటుంటే ఏ పిల్లైనా అంతే. నీ కంగారు దానికి అంటించావు."

"కాదత్తయ్యా, ముందు ఇలా లేదు. ఎప్పుడూ ఉయ్యాలలోనే పడుకునేది."

"ముందు నీకు వినపడేది కాదు. ఇప్పుడు వినపడుతోంది, పరిగెడుతున్నావు. అంతే తేడా. నేను నలుగుర్ని పెంచాను. మూడు రోజులు గుండె రాయి చేసుకో. ఏడ్చి ఏడ్చి అదే పడుకుంటుంది."

మొగుడిని చూసింది. ఆయన నేల చూశాడు. "అమ్మ నలుగుర్ని పెంచింది కదే" అన్నాడు.

సరే అనుకుంది. ఇంత చదువుకోనిదాన్ని, నాకేం తెలుసు అనుకుంది. మూడు రోజులు గుండె రాయి చేసుకుంది. పిల్ల లోపల గుక్కపెట్టి ఏడుస్తుంటే తను ఆ నిశ్శబ్దంలో కూర్చుని, ప్రతి ఏడుపూ స్పష్టంగా, గొంతు ఎక్కడ విరిగిందో తెలిసేంత స్పష్టంగా వింటూ, సంచులు కుట్టింది. వినపడకపోతే ఎలా అని భయపడ్డ మనిషి, వినపడుతుంటే కూర్చుంది. ఆ మూడు రోజుల్లో కుట్టిన సంచులన్నిటికీ కుట్టు వంకరే. మొత్తం తిరిగొచ్చాయి.

నాలుగో రోజు పొద్దున అత్త ఇంట్లో లేదు. ఉయ్యాల కింద తడి తుడవడానికి లోపలికెళ్లి వంగింది. గోడకున్న చెక్క మీద గుండీల రేకు డబ్బా ఉంటుంది. అది సన్నగా గిలగిలమంటోంది. ఎవరూ ముట్టుకోలేదు. లోపల గుండీలు వాటంతట అవే తిరుగుతున్నాయి, నీళ్లు మరిగినప్పుడు గింజలు తిరిగినట్టు. డబ్బా మీద చెయ్యి పెడితే వేళ్లు జివ్వుమన్నాయి.

ఆమె చెయ్యి తీసేసి, మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, ఉయ్యాల గుడ్డలో తన తల పెట్టింది.

మోత. పాత మోతే, కాకపోతే రెండింతలు. చెవి లోపల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు. పళ్లు కదిలాయి. కళ్లు మూసుకుంటే రొమ్ము ఎముక కొట్టుకుంది. తల పైకెత్తి గది మధ్యకొచ్చింది, కొంచెం తగ్గింది. గుమ్మం దగ్గర ఇంకొంచెం. కుర్చీ దగ్గర ఏమీ లేదు. గడియారం టిక్కుమంటోంది. మళ్లీ ఉయ్యాల దగ్గరకెళ్లింది. మళ్లీ అదే. అలా నాలుగుసార్లు నడిచింది.

పిల్లకు ఎత్తు అలవాటు కాదు. దానికి నోరు లేక, ఉన్న ఒక్క భాషలో, "అమ్మా ఇక్కడ నా తల పగిలిపోతోంది" అని ఆరు రోజులు చెప్పింది.

ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుండేది. కోపం వచ్చింది, నీళ్లు పోసినా ఆరనంత కోపం. ముందు తన మీద. ఆ తర్వాత వరసగా అందరి మీదా.

ఉడతను చంకనేసుకుని ఫ్యాక్టరీలోకి నేరుగా నడిచింది. గుమాస్తా అడ్డొస్తే, "తప్పుకో" అంది. ఆ ఒక్క మాటకే తప్పుకున్నాడు. మీటరాయన అదృష్టమో దురదృష్టమో అక్కడే ఉన్నాడు, ఓనరు బల్ల దగ్గర టీ తాగుతున్నాడు.

"ఇద్దరూ రండి మా ఇంటికి."

"ఏమైందమ్మా? పెట్టె ఆగిపోయిందా?" అన్నాడు మీటరాయన.

"ఆగిపోలేదు. అదే వచ్చిన గొడవ."

ఓనరు కుర్చీలోంచి కదల్లేదు. "నాకు పనుంది. ఏదన్నా ఉంటే గుమాస్తాకి చెప్పు."

"జోల పాడుతుందా అన్నారుగా ఆ రోజు? పాడుతోంది. మీరూ వినాలి. మీరు రాకపోతే ఈ పిల్లను ఈ బల్ల మీద పడుకోబెట్టి వెళ్తా. రోజంతా మీరే చూసుకోండి."

నిజంగానే పడుకోబెట్టేసేలా ఉంది. ఉడత అప్పటికే ఓనరు టీ గ్లాసు మీదికి చెయ్యి చాపింది. ఓనరు లేచాడు.

ఇంట్లోకి రాగానే మీటరాయన అలవాటుగా కుర్చీ దగ్గరికెళ్లి మీటరు పెట్టాడు. "చూడండమ్మా, బ్రహ్మాండంగా ఉంది. మొదటి రోజు కంటే ఇంకా తగ్గింది. పెట్టె రోజూ నేర్చుకుంటూ బలం పెంచుకుంటుంది."

"అక్కడ కాదన్నా. ఇక్కడ."

ఉయ్యాల దగ్గర పెట్టాడు. అంకె చూశాడు. మీటరును ఒకసారి దులిపి మళ్లీ చూశాడు. తెల్లమొహం వేశాడు.

"మీటరు ఎందుకు, తల పెట్టు" అంది ఆమె.

"అమ్మా..."

"నా కూతురు పెట్టింది. ఆరు రోజులు. నువ్వు అర నిమిషం పెట్టు."

పెద్దమనిషి, బట్టతల, మోకాళ్ల మీద కూర్చుని పసిపిల్ల ఉయ్యాలలో తల పెట్టాడు. మామూలుగా అయితే ఆమె నవ్వేది. ఉడతకు మాత్రం తన ఉయ్యాలలో బట్టతల కనపడేసరికి భలే సరదా వేసి, దాని మీద టపటపా కొట్టింది. ఆయన అర నిమిషం ఉండలేదు. చెవి రుద్దుకుంటూ లేచాడు.

"మీరూ" అంది ఓనరుతో.

"నాకు ఇక్కడికే వినపడుతోంది లేమ్మా."

"ఎందుకిలా అయిందన్నా? నాకు అర్థమయ్యేలా చెప్పు. నాకు అర్థం కాదని మాత్రం అనకు."

మీటరాయన చెప్పాడు. మోతంటే ఊపులేనట. అటూ ఇటూ ఊగే గాలి. ఈ పెట్టె దానికి సరిగ్గా ఎదురు ఊపు పంపుతుంది. మైకు ఉన్న చోట రెండూ కలిసి చచ్చిపోతాయి. ఆ చోట నిశ్శబ్దం.

"మైకు లేని చోట?"

"అక్కడ... ఒక్కోసారి రెండూ ఒకే వైపుకి ఊగుతాయి. అప్పుడు పెరుగుతుంది. అది సహజమే అమ్మా."

ఆమె ఉయ్యాల తాడు పట్టుకుంది. "అంటే ఇలా. నేను ఇటు నుంచి తోస్తే, నువ్వు అటు నుంచి అదే క్షణంలో తోస్తే ఉయ్యాల ఆగిపోతుంది. నేను తోసినప్పుడు నువ్వు కూడా అటే లాగితే పైకప్పుకి కొట్టుకుంటుంది. అంతేనా?"

మీటరాయన ఆమెను కొత్తగా చూశాడు. "అంతేనమ్మా. ఇంత బాగా మా ఆఫీసులో కూడా ఎవరూ చెప్పరు."

"పొగడకు. నీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసు. కానీ మీరు అడగలేదు..."

"నేను అడగలేదా?" గొంతు లేచింది. ఐదిళ్లకీ వినపడి ఉంటుంది. "నేనేం అడగాలో నాకు తెలిస్తే నీతో పనేంటి? అడగాల్సింది నువ్వు. నేనెక్కడ కూర్చుంటానని అడిగావు. ఇంట్లో ఇంకెవరు ఎక్కడ పడుకుంటారని అడిగావా? కళ్లెదురుగా ఉయ్యాల వేలాడుతోంది, దాంట్లో పిల్ల నిద్రపోతోంది. దాన్ని దాటుకుని వెళ్లి పెట్టె బిగించావు! నోరున్నవాళ్లకు నిశ్శబ్దం పెట్టి, నోరు లేనిదాని నెత్తిన మోత పోసిపోయావు. పైగా నా చేత సంతకం!"

ఓనరు మధ్యలోకొచ్చి, "సరే, మైకు ఉయ్యాల దగ్గర పెట్టెయ్యవయ్యా, గొడవ వదులుతుంది" అన్నాడు.

"అలా ఊరికే మార్చకూడదండి, పెట్టెకి మళ్లీ నేర్పించాలి. లేకపోతే ఊళ పెడుతుంది." మీటరాయన ఓనరు వైపు చూడకుండా అన్నాడు, "అసలు కంప్రెసర్ కాళ్ల కింద రబ్బరు దిండ్లు వేసి, గోడకి రెండడుగులు జరిపితే ఈ పెట్టెలతో పనే లేదు. నేను మొదట్లోనే చెప్పాను."

"ఎవరికి చెప్పావు?" అంది ఆమె.

ఓనరు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

మైకు ఉయ్యాల మీదికి మారింది. పెట్టెకు మళ్లీ నేర్పించారు. ఉడతను పడుకోబెడితే రెండుసార్లు దొర్లి, బొటనవేలు నోట్లో పెట్టుకుని, అరగంటలో గుర్రు పెట్టింది. ఆరు రోజుల నిద్ర బాకీ కదా.

కానీ ఇప్పుడు మోత కుర్చీ దగ్గరికొచ్చింది. ఆమె మిషను ముందు కూర్చుని చెవులు రిక్కించింది. ఘూ... తప్ప ఇంకేం లేదు. పిల్ల లోపల లేచిందో లేదో, ఏడుస్తోందో లేదో. పాత భయం వచ్చి పక్కన కూర్చుంది. పిల్లకు నిశ్శబ్దం కావాలంటే తల్లికి చెవుడు. తల్లికి వినపడాలంటే పిల్ల తల పగలాలి. ఈ రెంట్లో ఒకటి ఎంచుకోమని ఇంత పెద్ద ఫ్యాక్టరీ, ఇంత తెలివైన పెట్టె కలిసి ఆమె ముందు పెట్టాయి.

రెండూ ఎంచుకోలేదు. మొగుడు రాగానే, "ఆ కొస పట్టుకో" అంది. ఇద్దరూ కలిసి కుట్టు మిషనును లోపలి గదిలోకి ఈడ్చారు. ఉయ్యాలకు జానెడు దూరంలో పెట్టారు. అక్కడ కిటికీ లేదు, బల్బు వేసుకోవాలి, గాలాడదు.

"మిషను చప్పుడుకి లేవదా అది?" అన్నాడు.

"ఈ చప్పుడు దానికి నా కడుపులో ఉన్నప్పటి నుంచి తెలుసు" అని తొక్కింది. టకటకటక. ఉడత కదల్లేదు.

అత్త వచ్చి చూసి, "ఇదేం వాస్తమ్మా, మిషను తెచ్చి పడగ్గదిలో" అని మూతి ముడిచింది.

"ఉయ్యాలలో తల పెట్టి రండత్తయ్యా, తర్వాత మాట్లాడదాం" అని మైకును పక్కకి లాగెయ్యడానికి వైరు మీద చెయ్యి వేసింది. అత్త తల పెట్టలేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఉయ్యాల దగ్గర ఆగి, పిల్ల పాదం మెల్లగా నిమిరింది. "నాకేం తెలుసే, నలుగుర్ని పెంచింది గోడ అవతల ఐసు ఫ్యాక్టరీ లేనప్పుడు" అంది. ఆమెకు ఆ కోపంలో కొంత అక్కడ చల్లారింది. మిగతాది చల్లారలేదు. రబ్బరు దిండ్ల కోసం ఈ రోజుకీ ఫ్యాక్టరీ గుమ్మం ఎక్కుతూనే ఉంది. ఓనరు ఆమెను దూరం నుంచి చూసి వెనక తలుపులోంచి పోతాడు.

మిషను మార్చిన మర్నాడే మిగతా ఇళ్లకు వెళ్లింది. ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న: "మైకు ఎక్కడుంది? ఇంట్లో అడగలేనివాళ్లు ఎక్కడ పడుకుంటారు?" రెండో ఇంట్లో టీవీ ముందు ఉంది మైకు, బాలింత మంచమేమో కంప్రెసర్ గోడకి ఆనుకుని. మూడో ఇంట్లో ఎవరూ పడుకోని వరండాలో. నాలుగో ఇంట్లోనూ అంతే. అన్నీ మీటరాయన వచ్చి మార్చాడు, ప్రతి చోటా మంచం మీద తను పడుకుని చూసి మరీ మార్చాడు.

ఐదో ఇంట్లో కోడలు తలుపు సగమే తీసింది.

"మాకు బాగానే ఉంది. వంటింట్లో చక్కగా నిశ్శబ్దంగా ఉంది. నీ గోల మా మీద రుద్దకు."

"మీ అత్తగారి మంచం ఎక్కడక్కా?"

"వెనక గదిలో. ఆవిడకి మాట పడిపోయి రెండేళ్లయింది, తెలీదా? ఈ మధ్య ఊరికే మూలుగుతోంది. వయసు మీద పడింది. ఏం చేస్తాం."

"ఒక్కసారి లోపలికి రానివ్వక్కా, ఆ మంచం దగ్గర..."

తలుపు మూసుకుంది. మూడుసార్లు వెళ్లింది, మూడుసార్లూ అదే. నాలుగోసారి మొగుడినీ తీసుకెళ్లింది, కుక్కను వదిలారు. మీటరాయన వెళ్తే, "మేం ఫిర్యాదు చెయ్యలేదుగా" అన్నారట. ఆ వెనక గదీ కంప్రెసర్ గోడకే ఆనుకుని ఉంటుంది. బయట నుంచి ఆ ఇంటి గోడకి చెవి పెడితే ఆమెకు మోత వినపడుతుంది గానీ మూలుగు వినపడదు. పక్క గదిలో మనిషి ఏడుస్తుంటే వినపడదేమోనని భయపడే మనిషికి, ఇది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

కాబట్టి ఇది చదివినవాళ్లు ఎవరైనా సరే, ఆ ఐదిళ్ల వరస వైపు వెళ్తే, కొసన నీలం తలుపు ఇల్లు, మెట్టు విరిగి ఉంటుంది. సంచులమ్మాయి పంపిందని చెప్పకండి. మంచినీళ్లనో, దారి అడగాలనో ఏదో ఒకటి చెప్పి లోపలికి వెళ్లండి. వెనక గదిలో పెద్దావిడ ఉంటుంది. ఆవిడ మాట్లాడదు, మిమ్మల్ని చూస్తుంది, అంతే. ఆ తలగడ పక్కన మీ తల ఒక్క అర నిమిషం పెట్టి వినండి. ఆవిడ ఎలా ఉందో చూసి వచ్చి సంచులమ్మాయికి చెప్పండి.